జిప్సీ వెనక షాకిల్ బుష్‌లు ఇంటి దగ్గరే మార్చాలంటే

ఈ పనిలో పానా పట్టేది అరగంటే. మిగిలిన రోజంతా తుప్పుతోనే సరిపోతుంది. మాది విశాఖ, సముద్రపు గాలి. నాన్నగారు మిలటరీ వేలంలో కొన్న 1996 మారుతి జిప్సీ జీపు ఇప్పుడు నా చేతిలో ఉంది. కమాను కట్ట చివరను ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, తగిలించే ఇనప లంకే షాకిల్. దాని పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు తొడుగులే బుష్‌లు. గతుకుల్లో వెనక నుంచి టకటక చప్పుడు వస్తుంటే షాకిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఇనప రాడ్ పెట్టి ఎత్తి చూడండి. పిన్ను కదిలితే బుష్‌లు అయిపోయినట్టే.

మూడు రోజుల ముందే మొదలుపెట్టండి. పిన్నుల చివర మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, రోజూ సాయంత్రం తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. ఈ ఓపిక లేక సుత్తి అందుకుంటే మర పోతుంది, ఆ తర్వాత కొత్త షాకిల్ కొనాల్సిందే. వేడి చేసి విప్పమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి వద్దు. జిప్సీ పెట్రోలు ట్యాంకు ఉండేది వెనకే.

ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, బండి నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. తర్వాత వెనక భాగం ఎత్తి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకు దూరకండి. చక్రం తీసి, యాక్సిల్ కింద విడిగా ఇంకో జాకీ పెట్టండి. అసలు కిటుకంతా ఈ రెండో జాకీలోనే ఉంది. దాన్ని కొంచెం కొంచెం ఎత్తుతూ దించుతూ ఉంటే, కమాను కట్టల బరువు పిన్ను మీద నుంచి తప్పుకునే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ చిన్న దెబ్బకే పిన్ను కదులుతుంది. ఆ దెబ్బ కూడా నట్టును పిన్ను అంచు వరకు ఎక్కించి, దాని మీదే కొట్టండి. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఏది ఎలా ఉండాలో చూసుకోవడానికి రెండోది అలాగే ఉండాలి.

పాత రబ్బరును హాక్సా బ్లేడుతో కోసి, రంధ్రం లోపల శుభ్రంగా గీకండి. ఒక్కో షాకిల్‌కు నాలుగు బుష్‌లు, పైన రెండు, కింద రెండు. సబ్బు నీళ్లు రాసి ఎక్కించండి. మామూలు గ్రీజు, ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

నట్లు చేతి బిగింపుతో వదిలేయండి. మొదటిసారి నేను బండి గాలిలో ఉండగానే గట్టిగా బిగించాను. కిందకు దించాక కమాను ఒంగినప్పుడల్లా రబ్బరు మెలిపడి, నాలుగు నెలల్లోనే చీలిపోయింది. చక్రం బిగించి, బండిని నేల మీదకు దించి, వెనక భాగాన్ని నాలుగుసార్లు కిందకు నొక్కి వదిలాకే చివరి బిగింపు. వారం తిరిగాక నట్లకు ఇంకోసారి పానా పెట్టి చూడండి.