లాటిన్‌లో ప్రయాణపు మాటలు నేర్చుకునే పద్ధతి

లాటిన్‌లో బండ్లకూ ప్రయాణానికీ సంబంధించిన మాటలు నేర్చుకోదలచిన తెలుగువారు ఇంగ్లీషు అర్థాల పట్టికతో మొదలుపెట్టకపోవడమే మంచిది; సంస్కృతం ద్వారా వచ్చిన వాటి చుట్టాలు చాలావరకు ఇప్పటికే మన నోట నానుతున్నాయి. సంస్కృతమూ లాటినూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట ఇక్కడ మనకు నేరుగా పనికొస్తుంది.

ముందుగా నోటుపుస్తకంలో ఒక బండి బొమ్మ గీయండి. చక్రం పక్కన ‘రొత’ అని రాసి, కింద రథం అనీ, ఇరుసు పక్కన ‘అక్సిస్’ అని రాసి, కింద అక్షం అనీ రాసుకోండి. కాడి ‘యుగుమ్’, దాని చుట్టం సంస్కృతంలో కాడి అనే అర్థమున్న యుగం. గుర్రం ‘ఎక్వుస్’, మనకు అశ్వం. ఓడ ‘నావిస్’, మనకు నావ. మోసుకుపోవడం ‘వెహెరె’, మనకు వాహనం. అయితే వినికిడిని మాత్రమే నమ్ముకోకూడదు: ‘కుర్రుస్’ అంటే రథం, కానీ మన కారు అనే మాట వెనుక ఉన్నది గాల్ ప్రజల (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీనుల) భాష నుంచి లాటిన్ తీసుకున్న ‘కర్రుస్’ అనే వేరే మాట.

ప్రతి నామవాచకాన్నీ షష్ఠీరూపంతో, లింగంతో కలిపి రాసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే అసలు ప్రాతిపదిక, అంటే ప్రత్యయాలు చేరే మూలరూపం, అక్కడే బయటపడుతుంది. ప్రయాణం ‘ఇతెర్’, షష్ఠిలో ‘ఇతినెరిస్’, నపుంసకలింగం. వంతెన ‘పోన్స్’, షష్ఠిలో ‘పొంతిస్’, పుంలింగం. ఈ రెండో రూపం చూశాకే మన పంథాతో దాని చుట్టరికం కనబడుతుంది. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ పేరును లాటిన్‌లో చెప్పాలంటే ‘పోన్స్ వెతుస్’ అనాలి; పాత వంతెన మీదుగా వెళ్తున్నానంటే ‘పెర్ పొంతెమ్ వెతెరెమ్ ఎఓ’.

విభక్తుల దగ్గర చాలామంది బెదిరిపోతారు గానీ, ప్రత్యయాలతోనే మాట్లాడే మనకు ఆ బెదురు అక్కర్లేదు. మనం రోజూ ఎక్కే బస్సు పేరే ఒక విభక్తి తునక: ‘ఓమ్నిబుస్’ అంటే అందరి కొరకు, చతుర్థీ బహువచనం, అందులో అసలు మాట రాలిపోయి చివరి ‘బుస్’ మాత్రం మిగిలింది. బండిలో వెళ్తున్నానని చెప్పడానికి ‘రైదా వెహోర్’ అంటారు, అంటే బండిచేత మోయబడుతున్నానని అర్థం.

ఊళ్ల పేర్ల విషయంలో తెలుగు ఇంకా దగ్గరగా వస్తుంది. మనం స్టేషనుకు వెళ్తున్నామంటాం, కానీ సికింద్రాబాదు వెళ్తున్నామని ‘కు’ లేకుండానే అంటాం. లాటిన్‌లోనూ రేవుకు వెళ్తున్నానంటే ‘అద్ పొర్తుమ్ ఎఓ’ అని ‘అద్’ చేర్చాలి. రోముకైతే ‘అద్’ అక్కర్లేదు, ద్వితీయా విభక్తి చాలు: ‘రోమమ్ ఎఓ’. మెహిదీపట్నంలో బస్సెక్కి దిగేలోగా, దారిలో కనబడిన చోటుకల్లా ఈ రెండు వాక్యాల్లో ఏది సరిపోతుందో నిర్ణయించి, మనసులో ఒకసారి పూర్తిగా పలకండి.