పాత కారు పికప్ తగ్గిందా? విప్పే ముందు ఈ జాగ్రత్తలు

దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ముందే చూసుకోండి.

• చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే బండి నడపొద్దు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) వల్ల కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేయగలదు. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే.

• పార్టు కొనేముందు మెకానిక్ దగ్గర స్కానర్ పెట్టించండి, అది బండి కంప్యూటర్‌లోని లోపం కోడ్‌ను చదువుతుంది. అయినా కోడ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ఆక్సిజన్ సెన్సర్ అని చూపించినా, అసలు దోషం ఇంజన్‌లోకి గాలి లీకయ్యేలా పగిలిన వాక్యూమ్ గొట్టానిది కావచ్చు.

• ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పెరిగినా బండి వేగం పెరగడం లేదా? మాన్యువల్ గేరు బండిలో అది చాలావరకు క్లచ్ జారడమే. ఇంజన్ జోలికి పోకండి.

• కాసేపు నడిపాక ఒక్క చక్రమే బాగా వేడెక్కితే బ్రేకు పట్టేసినట్టు. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

• ఫ్యూయల్ ఫిల్టర్ విప్పే ముందు పెట్రోలు పైపులోని ప్రెషర్ దించండి. ఇంజన్ ఆపినా అది పైపులో ఉంటుంది.

• ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు: చవక, ముందు ఇవే చూడండి.