నేల వేడి కొలిచే ముందు జాగ్రత్తలు

నల్లరేగడిలో రెండు సూదుల ప్రోబ్ (ఒక సూది మట్టికి వేడినిస్తే, రెండోది ఆ వేడిని కొలిచే పరికరం) గుచ్చబోతున్నారా? ముందు సూదులు చూడండి. వాటి మధ్య ఎడం సాధారణంగా 6 మిల్లీమీటర్లు. మట్టి ఎంత వేడి దాచుకుంటుందో తేల్చే లెక్కలో ఈ ఎడం వర్గంగా వస్తుంది. అది 0.12 మిల్లీమీటర్లు మారితే చాలు, ఫలితం 4 శాతం తప్పుతుంది. అంత చిన్న వంపు కంటికి ఆనదు. అందుకే అగర్ జెల్‌లో (ఎంత వేడి దాచుకుంటుందో ముందే తెలిసిన, నీటితో చేసిన జెల్లీ) సరిచూశాకే పొలానికి తీసుకెళ్లండి.

గట్టి నేలలో బలవంతంగా దించకండి, సన్నని కమ్మీతో దారి చేయండి. రంధ్రం వదులైతే గాలి చేరుతుంది. గాలి వేడిని నీటికన్నా ఇరవై రెట్లకు పైగా తక్కువగా పంపుతుంది, దాంతో వాహకత, అంటే మట్టి వేడిని పంపే గుణం, తక్కువగా కనిపిస్తుంది. నెర్రెలకు దూరంగా గుచ్చడమే మేలు.

గుచ్చాక, ప్రతి రీడింగు మధ్య కూడా, 15 నిమిషాలు ఆగండి. నీడ పట్టండి.

పక్కనే తీసిన మట్టిని డబ్బాలో మూత బిగించి తూచండి, ఎండబెట్టాక మళ్లీ తూస్తే తేమ తెలుస్తుంది. తేమ తెలియని వాహకత అంకెను దేనితోనూ పోల్చలేం.