హరిణ వనస్థలికి వెళ్లే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో విజయవాడ హైవే పక్కనే ఉన్నా, మహావీర్ హరిణ వనస్థలి పిక్నిక్ పార్కు కాదు. 1994 నుంచి జాతీయ పార్కు.

- ఎండ ముదరకముందే వెళ్లండి, కృష్ణజింకలు అప్పుడు ఎక్కువగా మేతకు తిరుగుతాయి. పార్కుకు సెలవు ఏ రోజో, సఫారీ వేళలేంటో ముందే కనుక్కోండి.
- తెల్లటి, మెరిసే బట్టలు వద్దు. బూట్లు తప్పనిసరి, పొదల్లో పాములుంటాయి. బాట దిగకండి.
- గడ్డిలో జింకపిల్ల ఒంటరిగా ముడుచుకుని కనిపిస్తే అస్సలు ముట్టుకోవద్దు. తల్లి వదిలేయలేదు, దాచిపెట్టి మేతకు వెళ్లింది. మనం అక్కడే నిలబడితే రాదు. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేయండి.
- తిండి పెట్టకండి. చిప్స్ కవరు ఒక్కటీ పారేయొద్దు. ఉప్పు రుచికి జింక దాన్ని నమిలి మింగితే కడుపులో అడ్డం పడుతుంది, ప్రాణమే పోవచ్చు. పిల్లలకు ఇది గేటు దగ్గరే చెప్పండి.
- ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.