అలవాటు లేని పాపులర్ నవలను ఇష్టంగా చదవడం ఎలా

గంభీర సాహిత్యం చదువుతూ పెరిగిన తెలుగు పాఠకుల్లో చాలామంది మనసులో ఒక గీత గీసుకుని ఉంటారు. చలం, కొడవటిగంటి కుటుంబరావు, బుచ్చిబాబు, రావిశాస్త్రి ఆ గీతకు ఒకవైపు ఉంటారు. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి, మధుబాబు రెండోవైపు ఉంటారు. ఎప్పుడైనా కుతూహలం కలిగి రెండోవైపు పుస్తకం ఒకటి తెరిచి, ముప్పయ్యో పుట దగ్గర మూసేసినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ పుస్తకం మూతపడటానికి చాలాసార్లు మనం చదివే తీరే కారణమని నా నమ్మకం. నవల మారినా మన వేగం, మనం వెతికే గుణాలు, పుస్తకాన్ని అడిగే ప్రశ్నలు పాతవే అయి ఉంటాయి. వాటిని కాస్త మార్చుకుంటే రెండు మూడు తరాల తెలుగువాళ్లు భోజనం పక్కన పెట్టి మరీ చదివిన పుస్తకాలు మనకూ అందుబాటులోకి వస్తాయి.

మొదటి పుస్తకం ఎంపికలోనే సగం పని ఉంది. అందరూ మెచ్చుకున్నదనో బాగా అమ్ముడుపోయిందనో కాకుండా, ఇప్పటికే మీకున్న ఇష్టానికి ఏదో ఒక వైపు తగిలే పుస్తకాన్ని తీసుకోండి. కుటుంబ సంబంధాల్లోని సూక్ష్మాలు మీకు నచ్చుతాయనుకుంటే యద్దనపూడి ‘మీనా’తో మొదలుపెట్టవచ్చు. తల్లి చెప్పుచేతల్లో పెరిగిన ధనవంతుల పిల్ల పల్లెటూరి బంధువుల మధ్యకు వెళ్లి తనకంటూ ఒక మనసుందని తెలుసుకునే కథ అది. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 2016 నాటి ‘అ ఆ’ సినిమా చూసినవారికి ఆ పోలికలు వెంటనే తెలుస్తాయి. సామాజిక ప్రశ్నలు లేని కథ మీకు చప్పగా ఉంటుందనుకుంటే యండమూరి ‘అభిలాష’ తీసుకోండి. మరణశిక్ష రద్దు కావాలని కోరే యువ న్యాయవాది, నిర్దోషికి కూడా ఉరిశిక్ష పడగలదని నిరూపించడానికి తానే ఒక హత్యకేసులో ఇరుక్కునే కథ అది. నిజంగా ఆలోచించవలసిన ఒక ప్రశ్నను అది ఉత్కంఠ మీద నడిపిస్తుంది. హాస్యం ఇష్టమైతే మల్లాది ‘చంటబ్బాయి’ ఉండనే ఉంది. అపరాధ పరిశోధన వైపు తొంగిచూడాలనుకునే పండితులకు ఆరుద్ర రాసిన ‘పలకల వెండిగ్లాసు’ను నేను ప్రత్యేకంగా సూచిస్తాను. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అనే సాహిత్య చరిత్ర రాసిన చేయి డిటెక్టివ్ నవలనూ అంతే శ్రద్ధగా రాసిందని తెలిస్తే, మనం గీసుకున్న గీత ఆ రచయితకు లేదని అర్థమవుతుంది.

పాత్రలు పుస్తకం నుంచి పుస్తకానికి కొనసాగే వరుసల్లోకి దిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. షాడో అనే గూఢచారి నాయకుడిగా మధుబాబు రాసిన నవలల్లో కులకర్ణి, శ్రీకర్, బిందు, గంగారామ్ వంటివారు మళ్లీ మళ్లీ వస్తారు. వీళ్లంతా పాఠకుడికి ముందే పరిచయమన్న ధీమా ఆ రచనలో ఉంటుంది. రెండు మూడు భాగాల కథలో మధ్య భాగం చేతికొస్తే ఆనందం కన్నా అయోమయమే మిగులుతుంది కనుక, ఒకే పుస్తకంలో పూర్తయ్యే కథను ఎంచుకోవాలి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు కథలు ఈ విషయంలో కొత్తవారికి సులువుగా ఉంటాయి.

పుస్తకం తెరిచాక మొదట తెలుసుకోవలసింది, ఆ నవల పాఠకుడికి ఏం ఇస్తానని మాట ఇస్తున్నదో. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ తీసుకోండి. చదరంగం ఆటగాడైన రేహాన్‌కు ఒక అపరిచిత యువతి ఫోన్ చేసి, తానెవరో కనుక్కోమని సవాలు విసురుతుంది. అక్కడి నుంచి నవల పాఠకుడితో ఒక ఆట మొదలుపెడుతుంది. రేహాన్‌కు దొరికే ఆధారాలు మనకూ దొరుకుతాయి. అతని కన్నా ముందు మనం విప్పగలమా అన్నదే పందెం. ఈ నవలను బుచ్చిబాబు మనోవిశ్లేషణ కోసం వెతుక్కుంటూ చదివితే వెలితిగానే ఉంటుంది. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని, ప్రతి ఆధారం దగ్గరా ఆగి, పుట తిప్పేముందు మీ ఊహను ఒక పంక్తిలో రాసుకుని చూడండి. ఊహ తప్పితే చిన్న ఉక్రోషం, ఒప్పైతే చిన్న గర్వం కలుగుతాయి. ఆ నవల ఇవ్వదలచిన ఆనందంలో అవి పెద్ద భాగం. సునీల్ కుమార్ దేశాయ్ దీన్ని కన్నడంలో ‘బెళదింగళ బాలె’గా తీశారు. కథలోని పట్టు భాష మారినా సడలలేదనడానికి అది చాలు.

ప్రేమ నవల ఇచ్చే మాట వేరు. చివరికి ఇద్దరూ ఒక్కటవుతారని మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. రచయిత్రి దాన్ని దాచదు కూడా. ముగింపు తెలిసిపోయిందని విసుక్కోవడం మానేసి, ఏది వాళ్లను ఇంకా దూరంగా ఉంచుతోందో గమనించాలి. యద్దనపూడి ‘సెక్రటరీ’ చదివేటప్పుడు రాజశేఖరం ఠీవి, సంపద, కారు దగ్గరే ఆగిపోయేవారు ఆ నవలలో అసలైనదాన్ని పోగొట్టుకుంటారు. చూపును జయంతి మీద నిలపండి. ఆమె మధ్యతరగతి అమ్మాయి, ఉద్యోగం అవసరమైన మనిషి. జీతం ఇచ్చేవాడి మాటకు ఎంతవరకు తలొగ్గాలి, ఏ మాటకు ఎదురు చెప్పాలి, అతని మంచితనాన్ని ఎప్పుడు నమ్మాలి, లోకం వేసే నిందను ఎలా తట్టుకోవాలి అన్న లెక్క ఆమె ప్రతి సంభాషణలోనూ ఉంటుంది. చదువుకున్న ఆడపిల్లలు ఆఫీసు గడప తొక్కుతున్న 1960లలో ఆ లెక్క ఎందరో పాఠకురాళ్లకు సొంత లెక్క. ఒక సన్నివేశాన్ని ఎంచుకుని జయంతి మాటలను మాత్రమే వరుసగా చదివి చూడండి. ఆత్మగౌరవాన్ని మర్యాద తప్పకుండా కాపాడుకునే ఒక భాష అక్కడ తయారవుతూ కనబడుతుంది. నాకు ఆ నవల మీద గౌరవం అక్కడే కలిగింది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ నవలల్లో చాలావాటి తొలి రూపం పుస్తకం కాదు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వంటి వారపత్రికల్లో, యువ, జ్యోతి వంటి మాసపత్రికల్లో సీరియళ్లుగా వచ్చాకే అవి అట్టలు తొడుక్కున్నాయి. కొద్ది పుటల చొప్పున చదివే పాఠకుడికి పోయిన వారం ఏం జరిగిందో రచయిత గుర్తు చేయాలి, మధ్యలో చేరినవారికి ఎవరు ఎవరో చెప్పాలి, వచ్చే సంచిక కోసం ఎదురుచూసేలా చివరి పంక్తిలో ముడి వేయాలి. అధ్యాయం చివర తలుపు చప్పుడవుతుంది. నాయిక గడియ తీసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి కొయ్యబారిపోతుంది. తర్వాతి అధ్యాయం మొదటి పేరాలో ఆ చప్పుడు మళ్లీ వినబడుతుంది, ఆమె మళ్లీ కొయ్యబారుతుంది, ఆ తర్వాతే వచ్చినవాడి పేరు తెలుస్తుంది. రెండు అధ్యాయాల మధ్య పత్రికలో ‘ఇంకా వుంది’ అన్న మాట, ఆ మాట వెనుక వారం రోజుల ఎడం ఉండేవి. పుస్తకంలో ఆ ఎడం పోయి అతుకు మాత్రం మిగిలింది. ఏకబిగిన చదివేవారికి అది చేతకాని రాతలా తోస్తుంది.

దీనికి విరుగుడు సులభం. మొదటి రెండు మూడు అధ్యాయాల్లో అతుకులు ఎక్కడున్నాయో పోల్చుకోండి. తర్వాత నుంచి ప్రతి ముడి దగ్గరా పుస్తకం మూసేయండి. రాత్రి ఒక ముడి దగ్గర ఆపి మర్నాడు రాత్రి అందుకోండి. ఆ మధ్యలో, పని చేసుకుంటున్నప్పుడో బస్సులో కూర్చున్నప్పుడో, ఆ తలుపు అవతల ఎవరై ఉంటారన్న ఆలోచన దానంతటదే వస్తుంది. ఆ ఆలోచన కూడా నవలలో భాగమే. రచయిత దాన్ని పాఠకుడి మీదే వదిలేశాడు. ఇంట్లో ఇద్దరు ఒకే పుస్తకాన్ని ఇలా భాగాలుగా చదివి, జరగబోయేదాని మీద వాదించుకుంటే ఇంకా బాగుంటుంది. పత్రిక ఒకటే వచ్చే ఇళ్లలో ఆ వాదనలు మామూలుగా జరిగేవి.

వేగం గురించి కొంచెం చెప్పాలి. కవిత్వపు వచనానికి అలవాటుపడిన కన్ను ప్రతి వాక్యాన్నీ తూకం వేస్తుంది. ఈ నవలల్లో బరువు వాక్యం మీద కాక సన్నివేశం మీద ఉంటుంది. సంభాషణలను గొంతులో పలికించుకుంటూ, వర్ణనలను చురుగ్గా దాటుతూ సాగితే సన్నివేశం తన ఆకారంలో నిలబడుతుంది. చదవడం మరీ కష్టమనిపిస్తే వినండి; దాసుభాషితం వంటి ఆప్‌లలో తెలుగు పుస్తకాలు శ్రవణ రూపంలో దొరుకుతున్నాయి.

ఇష్టపడటం అంటే విచక్షణ వదులుకోవడమని అనుకోనక్కరలేదు. ఈ పుస్తకాల్లో ఈనాడు మింగుడుపడని విషయాలు నిజంగానే ఉన్నాయి. నాయకుడి అహంకారం మగతనంగా చలామణీ కావడం, పనివాళ్లను తేలికగా మాట్లాడటం, రంగును బట్టి అందాన్ని కొలవడం అక్కడక్కడా ఎదురవుతాయి. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి సంచలనం రేపిన యండమూరి ‘తులసిదళం’లో ఒక చిన్నపాప మీద క్షుద్రప్రయోగం, ఆమెను కాపాడుకోవడానికి పెద్దవాళ్ల పెనుగులాట చదువుతుంటే భయం, ఉత్కంఠ మనల్ని కదలనివ్వవు. అదే నవల మూఢనమ్మకాలను పెంచుతుందని రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. నా సలహా ఏమిటంటే ఆ రెండు పుస్తకాలనూ అదే వరుసలో చదవండి. ముందు నవలను దాని పద్ధతిలో చివరిదాకా చదివి, భయపడవలసిన చోట భయపడి, ఆ తర్వాత విమర్శను తెరవండి. విమర్శను ముందే చదివితే నవల ఎందుకు అంతమందిని పట్టుకుందో మీకు ఎప్పటికీ తెలియదు. నవలతోనే ఆగిపోతే ఆ పట్టు ఎవరికి ఏం చేసిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. చదువుతున్నంతసేపూ అభ్యంతరాలను పుస్తకం చివరి ఖాళీ కాగితం మీద రాసుకుంటూ పోవడం మంచి పద్ధతి. పూర్తయ్యాక ఆ జాబితా చూస్తే, కొన్ని కేవలం అలవాటు లేకపోవడం వల్ల పుట్టిన చిరాకులని తేలిపోతుంది. కొన్ని మాత్రం గట్టిగా నిలబడతాయి. నిలబడ్డవాటిని వదులుకోవద్దు.

ఈ నవలలను మొదటిసారి వచ్చినప్పుడే చదివినవారు మీ ఇంట్లోనే ఉండవచ్చు. అమ్మను, పిన్నిని, మేనత్తను అడగండి. ‘ఆ నవల గొప్పదేనా’ అని అడిగితే మొహమాటపు జవాబు వస్తుంది. ‘ఏ చోట ఆపలేకపోయావు, ఎవరి మీద కోపం వచ్చింది, పుస్తకం ఎక్కడ తెచ్చుకునేదానివి’ అని అడిగితే, అద్దె పుస్తకాల షాపు, ఒకే ప్రతి నలుగురి చేతులు మారడం, పత్రిక నుంచి సీరియల్ పుటలు కత్తిరించి కుట్టించుకున్న బైండు, అన్నీ బయటికొస్తాయి. ఆ మాటలు విన్నాక అదే నవలను తెరిస్తే, ఎవరి కోసం రాసిందో ఆ మనిషి పక్కన కూర్చుని చదువుతున్నట్టే ఉంటుంది. విమర్శ వ్యాసాలు ఇవ్వలేని సహాయం ఇది.

ఇన్ని చేసినా ఒక పుస్తకం రుచించకపోవచ్చు. యాభై పుటల తర్వాత కూడా ఏం జరుగుతుందోనన్న ఆసక్తి ఏ మూలా లేకపోతే నిస్సంకోచంగా పక్కన పెట్టండి. అయితే ఒక్క నవలను చూసి ఆ కోవ మొత్తాన్ని కొట్టిపారేయకండి. షాడో సాహసాలు పట్టనివారికి యుగంధర్ నిదానం నచ్చవచ్చు. క్షుద్రశక్తుల కథ వద్దనుకున్నవారికి అదే రచయిత ‘అభిలాష’ నచ్చవచ్చు. రచయితను మార్చి ఒకసారి, కోవను మార్చి ఒకసారి ప్రయత్నించాకే ఒక నిర్ణయానికి రావడం న్యాయం.

పుస్తకాలు దొరకడం కష్టమేమీ కాదు. పేరున్న నవలలు కొత్త ముద్రణల్లో విజయవాడ, హైదరాబాద్ పుస్తకాల షాపుల్లోనూ ఏటా జరిగే పుస్తక ప్రదర్శనల్లోనూ ఉంటాయి. పాత ముద్రణల కోసం ఆదివారం పూట హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకవచ్చు. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో అడిగితే, అట్ట ఊడి మళ్లీ బైండు చేసిన ప్రతులు బయటపడతాయి. విదేశాల్లో ఉన్నవారికి ఈ-పుస్తకాలు, శ్రవణ పుస్తకాలే దగ్గరి దారి. పాత ప్రతి కొనేటప్పుడు చివరి పుటలు ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. హంతకుడి పేరు ఉన్న కాగితమే చిరిగిపోయి ఉంటే డిటెక్టివ్ నవల ఇంటికి తెచ్చుకుని ప్రయోజనం లేదు.