బ్రీదర్ పైపు జిడ్డు కడిగే ముందు జాగ్రత్తలు

లారీ ఇంజను లోపలి పొగ, ఆవిరి బయటికి పోయే గొట్టమే బ్రీదర్ పైపు. దాని నుంచి ఆయిల్ కారి రేడియేటర్‌కు జిడ్డు పడుతుంటే, ముందు కారణం చూడండి. డిప్‌స్టిక్‌పై (ఆయిల్ కొలిచే పుల్ల) ఆయిల్ పై గీత దాటిందా? దాటితే ఆయిల్ ఎక్కువ పోసినట్టే. దాటకపోయినా, ఇంజను నడుస్తుండగా బ్రీదర్ పైపు మూతి నుంచి పొగ ఉబికి వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. అప్పుడు ఎంత కడిగినా వారానికే మళ్లీ కారుతుంది.

తర్వాత ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. లారీ చక్రాలకు దిమ్మలు వేయండి. క్యాబిన్ ఎత్తితే దాని లాక్ పడిందని చేత్తో లాగి చూడందే కిందికి వంగవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

పైపుకు బిరడా కొట్టి కారడం ఆపే ‘తెలివి’ అసలే వద్దు. క్రాంక్‌కేసులో (ఇంజను అడుగు భాగం) ఒత్తిడి పెరిగి, సీళ్ల దగ్గర ఆయిల్ తన్నుకొస్తుంది. పైపును సొంతంగా టర్బో గాలి గొట్టంలోకి (ఇంజనులోకి గాలి పోయే దారి) కలపడం ఇంకా ప్రమాదం: ఆయిల్ ఎక్కువగా లోపలికి పోతే అదే ఇంధనంలా మండి, తాళంచెవి తిప్పి ఆపినా ఇంజను ఆగకపోవచ్చు.

పెట్రోలుతో తుడవకండి. రేడియేటర్ రెక్కల్లో జిడ్డు, దుమ్ము కలిసి నల్లటి పాకంలా పట్టి ఉంటాయి. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) చల్లి, నాననిచ్చి, ఫ్యాను వైపు నుంచి బయటికి సన్నటి ధారతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఆల్టర్నేటర్‌కు (బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) ముందే ప్లాస్టిక్ సంచి చుట్టండి, ఇంజను స్టార్ట్ చేసే ముందు తీసేయండి.