కంట్లో చుక్కల మందు ఎలా వేయాలి? నల్లగుడ్డు మీద మాత్రం కాదు

శుక్లం ఆపరేషన్ పావుగంట, ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత నెలా నెలన్నర పాటు రోజూ చుక్కలు వేసేది కొడుకో కోడలో మనవరాలో, అంటే ఎవరూ కూర్చోబెట్టి నేర్పనివాళ్లు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన ఉచిత కంటి పరీక్షల పథకం వైఎస్సార్ కంటి వెలుగు 2019 అక్టోబరు 10న మొదలైంది మన అనంతపురంలోనే. పరీక్ష చేయించుకోవడం, అద్దాలు తెచ్చుకోవడం జనానికి అలవాటయింది గానీ మందు సీసా పట్టుకోవడం మాత్రం ఇంకా రాలేదు. మా వీధిలో ఎవరు కర్నూలు కంటి ఆసుపత్రికి పోయొచ్చినా చుక్కలు వేయడానికి నన్నే పిలుస్తారు, కాబట్టి నేను చూసే కంగాళీ అంతా ఇంతా కాదు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. డాక్టరు రాసిన మందులు, శుభ్రమైన దూది లేదా టిష్యూ, చాప. చేతులు సబ్బుతో కడుక్కుని ఆరనివ్వండి, కొంగుకు తుడుచుకుంటే కడిగి లాభం లేదు. సీసా మీద పేరు చదవండి. కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకునే మందయితే బాగా కుదపాలి, లేకపోతే మొదటి వారం నీళ్లు, చివరి వారం మందు పడుతుంది.

మనిషిని పడుకోబెట్టండి, దిండు లేకుండా. కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చితే మెడ నొప్పులున్న పెద్దవాళ్లు సరిగ్గా చుక్క పడే సమయానికి తల ఎత్తుతారు. ఒంటరిగా వేసుకునేవాళ్లు కూడా పడుకునే వేసుకోవాలి, అద్దం ముందు నిలబడి చేసే విన్యాసాలు వద్దు.

ఇక అసలు పని. నూటికి తొంభై మంది రెండు వేళ్లతో రెప్పలు బలవంతంగా విప్పి, "కదలొద్దు జేజీ" అని అరుస్తూ సూటిగా నల్లగుడ్డు మీద చుక్క వదులుతారు. ఒంట్లో ఎక్కడా లేనంత సున్నితం ఆ గుడ్డు పైపొర. చుక్క తగలగానే కన్ను గట్టిగా మూసుకుంటుంది, మందంతా చెంప మీదికి పోతుంది, ఆపైన "సరిగ్గా పడలేదు, ఇంకోటి వెయ్" అని రెండోది, మూడోది. ఆపరేషన్ చేసిన కంటి మీద ఇంత ఒత్తిడి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా!

ఇలా చేయండి. "పైకప్పు చూడు జేజీ" అనండి. చూపుడు వేలు కంటి కింద చెంప ఎముక మీద ఆనించి చర్మాన్ని మెల్లగా కిందికి లాగండి. కన్ను మీద వేలు పడకూడదు, బరువంతా ఎముక మీదే. కింది రెప్పకూ గుడ్డుకూ మధ్య ఎర్రగా చిన్న జేబు లాంటిది తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో. సీసా పట్టిన చెయ్యి నుదుటి మీద ఆనించుకుంటే వణకదు. మూతి అంగుళం ఎత్తులో ఉండాలి, రెప్పకో వెంట్రుకకో తగిలిందా, కంట్లోని క్రిములు సీసాలోకి, మళ్లీ సీసాలోంచి కంట్లోకి, నెలంతా అదే తంతు.

ఒక్క చుక్క. సీసా నుంచి పడే చుక్క 0.03 నుంచి 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది, కన్ను పట్టగలిగేది ఎంత మహా అయినా 0.03. రెండో చుక్క మొదటిదాన్ని కడిగేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు, పైగా సీసా ముందే అయిపోయి మళ్లీ మెడికల్ షాపుకు పరుగు.

చుక్క పడగానే రెప్పలు టపటపా కొట్టొద్దు. కొడితే మందు ముక్కు పక్కనున్న కన్నీటి గొట్టంలోంచి గొంతులోకి జారిపోతుంది, చేదు తగిలేది అందుకే. కన్ను నిద్రపోయినట్టు మెల్లగా మూసి రెండు నిమిషాలు అలాగే ఉండాలి. నీటికాసులకు (గ్లకోమాకు) టిమోలాల్ అనే చుక్కల మందు వాడేవాళ్లయితే ఆ రెండు నిమిషాలూ ముక్కు పక్క మూలలో వేలితో మెత్తగా నొక్కి పట్టాలి, ఎందుకంటే ఆ మందు రక్తంలో కలిస్తే గుండె వేగం తగ్గించగలదు, ఆయాసం ఉన్నవాళ్లకు ఊపిరి ఆడకుండా చేయగలదు. ఆయాసం ఉంటే మందు రాయించుకునేటప్పుడే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్ కొత్తలో మాత్రం డాక్టరు చెప్పకుండా ఎక్కడా నొక్కొద్దు, మూసి ఉంచితే చాలు.

రెండు మూడు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాల ఎడం ఇవ్వండి. సీరియల్లో ఒక యాడ్ బ్రేక్ అనుకోండి. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికన్నా చివర. లెక్కకు ఫోన్ అలారం పనికిరాదు, మోగితే ఆపేస్తారంతే, గోడ క్యాలెండర్ మీద గీత పెట్టడమే పద్ధతి.

మే నెలలో మన ఎండలకు సీసాను బండి డిక్కీలో, కిటికీ పక్కన పెట్టకండి. మందు పెట్టె మీద రాసి ఉంటేనే ఫ్రిజ్‌లో పెట్టండి, అదీ తలుపు అరలో, ఫ్రీజర్‌లో కాదు. సీలు తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నెల కాగానే పారేయండి.

మిగిలింది కదా అని పక్కింటివాళ్లకు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆపరేషన్ తర్వాత ఇచ్చే వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. శెనక్కాయ చెట్లు పీకేటప్పుడు ఆకో పుల్లో గుచ్చుకుని గుడ్డు మీద పుండు పడితే అందులో ఫంగస్ చేరే అవకాశం ఎక్కువ, దాని మీద స్టెరాయిడ్ పడితే చూపే పోవచ్చు. చనుబాలు, ఆముదం, నందివర్ధనం పసరు సంగతి సరేసరి, అవేవీ కంట్లో పోయాల్సినవి కావు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి పూట దగ్గర పడితే వదిలేయండి, రెండు పూటలవి కలిపి వేయకండి. నొప్పి పెరుగుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, నిన్న కనిపించిన క్యాలెండర్ అంకెలు ఇవాళ మసకబారినా మెడికల్ షాపులో అడగొద్దు, తెల్లారేదాకా చూద్దామనీ ఆగొద్దు, ఆపరేషన్ చేసిన చోటికి ఆ రోజే తీసుకెళ్లండి.